ఇంటి పన్ను కడుతున్నాం.. ఆ పైసలు ఎటు పోతున్నాయ్? నల్లగొండ, పాలమూరు జనం తెలుసుకోవాల్సిన లెక్క ఇదీ!

ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే చాలు.. బిల్ కలెక్టర్లు గల్లీ గల్లీ తిరుగుతారు. బకాయి ఉన్న ఇళ్లకు నోటీసులు వెళ్తాయి. నల్లా కనెక్షన్ కట్ చేస్తామని హెచ్చరికలు వస్తాయి. ఏప్రిల్ రాగానే అంతా సైలెంట్! నల్లగొండ రామగిరిలోనైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా ఏటా కనిపించే సీన్ ఇదే.

అదే సమయంలో జనం నుంచి ఒక మాట గట్టిగా వినిపిస్తుంది. "పన్ను కట్టమంటరు సరే.. మోరీ ఎవరు తీస్తరు? వీధి లైటు ఎప్పుడు ఎలుగుతది?"

ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ దీనికి జవాబు రాబట్టాలంటే ముందు కొన్ని లెక్కలు తెలియాలి. పన్ను ఎట్లా వేస్తారు? అది కాకుండా మన జేబులోంచి మున్సిపల్ ఆఫీసుకు చేరాల్సిన పైసలు ఇంకేమున్నాయి? ఖర్చు ఎవరు డిసైడ్ చేస్తారు? పని కాకపోతే ఎవరిని పట్టుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పన్ను ఎట్లా లెక్కిస్తారు?

తెలంగాణలో ఇంటి పన్నుకు ఆధారం అద్దె విలువ. మీ ఇల్లు కిరాయికి ఇస్తే ఏడాదికి ఎంత వస్తుందన్న అంచనా మీద పన్ను వేస్తారు. ఇల్లు ఏ ఏరియాలో ఉంది? స్లాబా, రేకులా? కట్టి ఎన్నేళ్లయింది? నివాసమా, దుకాణమా? ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే ప్రకాశం బజార్‌లో చిన్న షాపుకు పడే పన్ను, ఊరి చివర కాలనీలో పెద్ద ఇంటికి పడే పన్ను కన్నా ఎక్కువ ఉండొచ్చు.

2019లో వచ్చిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ఇందులో రెండు ముఖ్యమైన మార్పులు తెచ్చింది. మొదటిది సెల్ఫ్ సర్టిఫికేషన్. అంటే ఇంటి కొలతలు యజమానే ప్రకటించుకోవాలి. అయితే తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే పన్నుకు 25 రెట్లు జరిమానా. రెండోది పేదోళ్లకు పెద్ద ఊరట. 75 గజాల లోపు జాగాలో జీ ప్లస్ వన్ వరకు ఇల్లు కట్టుకుంటే బిల్డింగ్ పర్మిషన్ అక్కర్లేదు. ఒక్క రూపాయితో రిజిస్టర్ చేసుకోవచ్చు. ఏడాదికి పన్ను 100 రూపాయలే.

ఇప్పుడు మీ రసీదు ఒకసారి బయటికి తీయండి. కొలతలు కరెక్టుగానే ఉన్నాయా? ఇల్లు నివాసం అయితే కమర్షియల్ అని పడిందా? కొన్న ఇంటికి పాత ఓనర్ పేరే ఉందా? 75 గజాల లోపు ఇల్లే అయినా మామూలు పన్ను వస్తోందా? తప్పు కనిపిస్తే అసెస్‌మెంట్ నంబర్ రాసి మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి, దానికి రసీదు తీసుకోండి. నోటి మాటగా చెప్పి వస్తే రికార్డు మారదు.

రసీదులో ఇంకో చిన్న లైన్ ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. అది లైబ్రరీ సెస్. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసం వసూలు చేస్తారు. ఈ సొమ్ము మున్సిపాలిటీది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాల్సింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు జిల్లా లైబ్రరీలో కుర్చీ దొరక్క నిలబడుతున్నారంటే, ఆ 8 పైసలు చేరాయా లేదా అని అడిగే హక్కు పన్ను కట్టిన ప్రతి ఒక్కరికీ ఉంది.

టైమ్‌కి కట్టినోళ్లకు మిగిలేదెంత?

ఇక్కడే అసలు కడుపుమంట. ఒక ఉదాహరణ తీసుకుందాం.

ఒకే గల్లీలో రెండు ఇళ్లు ఉన్నాయి అనుకోండి. రెండింటికీ ఏడాది పన్ను 3,000 రూపాయలు. లెక్క సులువు కోసం సెస్‌ను పక్కన పెడదాం. మొదటి ఇంటాయన ఏప్రిల్‌లోనే మొత్తం కట్టేశాడు. ఎర్లీ బర్డ్ స్కీమ్ కింద ఆయనకు 5 శాతం తగ్గింపు వచ్చింది. అంటే 150 రూపాయలు. ఆయన కట్టింది 2,850.

రెండో ఇంటాయన కట్టలేదు. బకాయి మీద నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. అంటే నెలకు 60 రూపాయలు. పూర్తిగా ఏడాది ఆలస్యమైతే 720. నిబంధన ప్రకారం ఆయన కట్టాల్సింది 3,720. ఈలోగా సర్కారు వన్ టైమ్ స్కీమ్ ప్రకటించింది. బకాయి ఒకేసారి కడితే వడ్డీలో 90 శాతం మాఫీ! 720లో 648 పోయింది. ఆయన కట్టింది 3,072.

నికరంగా ఇద్దరి మధ్య తేడా ఎంత? 222 రూపాయలు. ఏడాది పాటు పైసలు తన దగ్గరే ఉంచుకున్నందుకు రెండో ఆయనకు పడిన భారం అంతే.

ఇలాంటి 90 శాతం వడ్డీ మాఫీ తెలంగాణలో 2022లో వచ్చింది. 2025 మార్చిలో మళ్లీ వచ్చింది. పేదోళ్లకు, జబ్బు పడ్డోళ్లకు ఇది ఊరటే. మున్సిపాలిటీకి మొండి బకాయిలు కూడా వసూలవుతాయి. కానీ మళ్లీ మళ్లీ మాఫీ వస్తే జనం ఏం నేర్చుకుంటారు? ఆగితే తగ్గుతుంది అని! దాంతో టైమ్‌కి కట్టేటోళ్లు కూడా ఆగిపోతారు. ఏడాదంతా రావాల్సిన పైసలు మార్చిలో గుంపుగా వస్తాయి. జూలైలో మోరీ పూడిక తీయడానికి ఖజానాలో డబ్బు ఉండదు.

మార్చిలోనే హడావుడి ఎందుకు?

ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కాబట్టి అనేది పాక్షిక జవాబు మాత్రమే. దీని వెనక ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కండిషన్ కూడా ఉంది.

2021 నుంచి 2026 వరకు కేంద్రం నుంచి పట్టణాలకు వచ్చే గ్రాంట్లను 15వ ఆర్థిక సంఘం నిర్ణయించింది. ఈ ఐదేళ్లకు దేశంలోని పట్టణ సంస్థలకు సిఫారసు చేసిన మొత్తం 1,21,055 కోట్ల రూపాయలు. అయితే ఊరికే ఇవ్వలేదు. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. 2022-23 నుంచి ఇంకో షరతు కూడా తోడైంది. ఇంటి పన్ను వసూళ్ల పెరుగుదల, రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ ఐదేళ్ల సగటు వృద్ధికి తగ్గకూడదు. అంటే పన్ను సరిగ్గా వసూలు కాకపోతే కేంద్రం గ్రాంటుకూ గండి పడుతుంది.

ఆ గ్రాంటులోనూ అంతా ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టడానికి లేదు. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు, అంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి వాటికి, 60 శాతం నిధులు రెండు పనులకే కట్టేశారు. సగం పారిశుధ్యం, చెత్త నిర్వహణకు. మిగతా సగం తాగునీరు, వాన నీటి సంరక్షణకు. కాబట్టి "చెత్త బండికి ఫండ్స్ లేవు" అనే మాట వినిపిస్తే, ఆ గ్రాంటు ఎంత వచ్చింది, ఎంత వాడారు అని అడగాల్సిందే.

ఇంటి పన్ను ఒక్కటే కాదు

చాలామంది మున్సిపాలిటీకి తాము ఇచ్చేది ఇంటి పన్నే అనుకుంటారు. నల్లా బిల్లు, ట్రేడ్ లైసెన్స్ ఫీజు, బిల్డింగ్ పర్మిషన్ ఫీజు, ఖాళీ జాగా పన్ను, మున్సిపల్ షాపుల కిరాయిలు.. ఇవన్నీ ఆదాయమే.

ఇంకో పెద్ద ఆదాయం ఉంది. మనం కట్టేది మున్సిపల్ ఆఫీసులో కాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో! 2021 జూలై నుంచి తెలంగాణలో ఇల్లు, ప్లాటు రిజిస్ట్రేషన్‌కు విలువలో 7.5 శాతం కట్టాల్సి వచ్చింది. అందులో స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం. మిగిలిన 1.5 శాతం పేరు ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. ఇది స్థానిక సంస్థలకు చెందాల్సిన సొమ్ము. 20 లక్షల ప్లాటు కొంటే 30 వేలు! మామూలు ఇంటికి ఎన్నో ఏళ్ల ఇంటి పన్నుతో సమానం.

హైదరాబాద్ రోడ్డు, మిర్యాలగూడ రోడ్డు, దేవరకొండ రోడ్డు వెంట కొత్త వెంచర్లు వచ్చినప్పుడు, పాలమూరులో ఏనుగొండ వైపు ఊరు పెరిగినప్పుడు ఈ పద్దు కూడా పెరుగుతుంది. మరి ఆ కాలనీలకు రోడ్డు, మోరీ వచ్చాయా? ట్రాన్స్‌ఫర్ డ్యూటీ వాటా ఎంత జమ అయింది? ఈ రెండు ప్రశ్నలూ కలిపి అడగాలి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మన పట్టణ సంస్థల చేతిలో డబ్బు నిజంగానే తక్కువ. రిజర్వ్ బ్యాంకు 2024 నవంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశంలోని మున్సిపల్ కార్పొరేషన్ల ఆదాయం మొత్తం కలిపినా జీడీపీలో 0.6 శాతమే. పని కొండంత, పైసలు గోరంత. అయినా ఆ గోరంత ఎటు పోయిందో చెప్పాల్సిన బాధ్యత మాత్రం తగ్గదు.

ఖర్చు ఎటు?

మున్సిపాలిటీ ఖర్చులో ముందుగా పోయేవి జీతాలు, సఫాయి కార్మికుల వేతనాలు, వీధి లైట్ల కరెంటు బిల్లు, నీళ్ల పంపింగ్ ఖర్చు, వాహనాల డీజిల్. ఇవి ఆపితే ఊరు ఆగిపోతుంది. 2019 చట్టం ఇంకో పద్దు తప్పనిసరి చేసింది. బడ్జెట్లో 10 శాతం మొక్కలకు, పచ్చదనానికి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న లెక్క కూడా పెట్టింది. మీ వార్డులో పోయిన వానాకాలం నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో లెక్కపెట్టడానికి ఏ ఆడిటరూ అక్కర్లేదు. పొద్దున వాకింగ్‌కు పోతూ లెక్కపెట్టొచ్చు.

పాలమూరుకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. రాష్ట్రవ్యాప్త పట్టణ ప్రగతి కార్యక్రమం 2020 ఫిబ్రవరి 24న మొదలైంది మహబూబ్‌నగర్‌లోనే. అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ ఇక్కడే ప్రారంభించారు. పట్టణాలకు నెలకు 148 కోట్లు ఇస్తామని అప్పటి సర్కారు ప్రకటించింది. అందులో 78 కోట్లు జీహెచ్ఎంసీకి, 70 కోట్లు మిగతా పట్టణాలన్నిటికీ. అంటే సగానికి పైగా ఒక్క హైదరాబాద్‌కే! జిల్లా పట్టణాలకు మిగిలింది పంచుకునే వాటా.

ఇలాంటి కార్యక్రమాలు వచ్చినప్పుడు ఊరు కొన్నాళ్లు కళకళలాడుతుంది. ముళ్ల పొదలు పోతాయి, వంగిన స్తంభాలు మారతాయి. కానీ మోరీ పూడిక ఏడాదికోసారి తీసే పని కాదు. వానాకాలం ముందు, తర్వాత కూడా తీయాలి. స్పెషల్ డ్రైవ్ ముగిశాక రోజువారీ పనికి మనిషి, బండి, డబ్బు ఉన్నాయా లేవా అన్నదే అసలు పరీక్ష.

నల్లగొండలో నీళ్ల లెక్క వేరు

మిగతా ఊళ్లల్లో నల్లా రాకపోతే బోరు నీళ్లతో సర్దుకుంటారు. నల్లగొండ జిల్లాలో అది అంత తేలిక కాదు. ఇక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మేలు, వేరే దారి లేకుంటే 1.5 వరకు.. ఇది భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో ఉన్న పేరే నల్లగొండ టెక్నిక్! నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ దాన్ని రూపొందించింది. పేరు మనది, బాధా మనదే.

అందుకే కృష్ణా నీళ్లు ఇక్కడ ప్రాణం. పానగల్ దగ్గర ఉదయ సముద్రం నిండడం అంటే పొలాలకే కాదు, ఊరికీ భరోసా. మిషన్ భగీరథ కూడా నది నీళ్లనే శుద్ధి చేసి పైపుల్లో పంపే పథకం. కానీ పెద్ద పైపు ఊరి దాకా తెస్తుంది. ట్యాంకు నుంచి గల్లీ చివరి ఇంటి దాకా పంచే పని మున్సిపాలిటీదే. పైపు పగిలి మోరీ నీళ్లు కలిసినా, ఎత్తు మీద ఉన్న ఇళ్లకు ప్రెషర్ రాకున్నా బాధ్యత అక్కడే. నల్లా నీళ్లు సరిగా రాని ఇల్లు బోరు వైపు తిరిగితే మళ్లీ ఫ్లోరైడ్ వైపు తిరిగినట్టే. ఇక్కడ మున్సిపల్ సేవ సరిగా లేకపోవడం అంటే అసౌకర్యం మాత్రమే కాదు, ఆరోగ్య సమస్య.

అడగడానికి ఎవరున్నారు?

పన్ను కట్టినోళ్లకు జవాబు చెప్పాల్సింది ముందుగా ఎన్నికైన సభ్యులు. బడ్జెట్ ఆమోదించేది వాళ్లే. రాజ్యాంగంలోని 243యూ అధికరణం స్పష్టంగా చెబుతోంది. పాలకవర్గం గడువు ఐదేళ్లు. అది ముగిసేలోపే కొత్త ఎన్నికలు పూర్తి కావాలి.

మరి జరిగిందేంటి? 2014లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2019 జూలైలో ముగిసింది. కొత్త ఎన్నికల పోలింగ్ 2020 జనవరి 22న జరిగింది. మధ్యలో ఆరు నెలలు స్పెషల్ ఆఫీసర్ల పాలన. 2020లో వచ్చిన పాలకవర్గాల గడువు 2025 జనవరి 26న ముగిసింది. ఆ రోజుకూ కొత్త సభ్యులు ఎన్నిక కాలేదు. మళ్లీ స్పెషల్ ఆఫీసర్లే. సరిగ్గా అదే నెలలో మహబూబ్‌నగర్ కార్పొరేషన్‌గా మారింది. బోర్డు మీద పేరు పెద్దదైంది, లోపల మాత్రం ఓటేసి పంపిన మనిషి లేడు!

స్పెషల్ ఆఫీసర్ చెడ్డవాడని కాదు. కొందరు అధికారులు కౌన్సిలర్ల కన్నా చురుగ్గా పని చేస్తారు. కానీ వాళ్ల మీద వేరే బాధ్యతలు బోలెడు. గల్లీ మోరీ గురించి పొద్దున్నే ఇంటి ముందుకెళ్లి అడగడానికి కౌన్సిలర్ ఉంటాడు. కలెక్టరేట్‌లో కూర్చునే అధికారిని అలా అడగలేం. పన్ను మాత్రం ఆ కాలంలో కూడా ఆగలేదు. ఎన్నిక ఆగింది, వసూలు ఆగలేదు. జనం కోపానికి ఇదో పెద్ద కారణం.

మీ వార్డులో ఉండాల్సిన 60 మంది ఎక్కడ?

ఇది చాలామందికి తెలియని విషయం. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెబుతుంది. తెలంగాణ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టాలంది. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, సీనియర్ సిటిజన్లకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. ఒక్కో కమిటీలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది!

2020 ఎన్నికల నాటి లెక్క వేద్దాం. నల్లగొండలో 48 వార్డులు. అంటే 2,880 మంది. మహబూబ్‌నగర్‌లో 49 వార్డులు. 2,940 మంది. ఇంతమంది మూడు నెలలకోసారి కూర్చుని "ఈ గల్లీలో లైటు లేదు, ఆ మోరీ పొంగుతోంది, పోయిన సారి శాంక్షన్ అయిన రోడ్డు ఏమైంది" అని మాట్లాడితే ఏ కమిషనర్ అయినా, ఏ కౌన్సిలర్ అయినా తప్పించుకోగలడా?

మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? తెలియకపోతే మొదటి ప్రశ్న అదే కావాలి.

ఇప్పుడు ఏం చేయొచ్చు?

పన్ను కట్టడం ఆపేయడం దారి కాదు. ఆపితే వడ్డీ మీకే పడుతుంది, గ్రాంటు ఊరికి పోతుంది. కట్టి, రసీదు చేతిలో పట్టుకుని అడగడమే బలం.

సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు. ఒక్కరు కాకుండా గల్లీలో పది ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టి, పన్ను రసీదుల జిరాక్స్ జత చేస్తే దాని బరువే వేరు.

మున్సిపాలిటీల ఆడిట్ లెక్కలు కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ నడిపే సిటీ ఫైనాన్స్ పోర్టల్‌లో ఉంటాయి. ఫోన్‌లోనే చూడొచ్చు. అక్కడ దొరకని వివరాలకు సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు. తెల్లకార్డు ఉన్నోళ్లకు అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు చేయొచ్చు.

దరఖాస్తులో "అభివృద్ధి ఎందుకు లేదు" అని రాస్తే జవాబు రాదు. చిన్న, సూటి ప్రశ్నలు రాయండి.

• పోయిన ఆర్థిక సంవత్సరంలో మా వార్డు నుంచి వసూలైన ఇంటి పన్ను ఎంత? బకాయి ఎంత?

• అదే ఏడాది మా వార్డులో చేసిన పనులు ఏవి? ఒక్కోదానికి బిల్లు ఎంత?

• లైబ్రరీ సెస్ ఎంత వసూలైంది? అందులో గ్రంథాలయ సంస్థకు కట్టింది ఎంత?

• ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కింద జమ అయింది ఎంత?

• మా వార్డు కమిటీ సభ్యుల పేర్లు, చివరి మీటింగ్ తేదీ, మినిట్స్ కాపీ.

ఈ ఐదు ప్రశ్నలకు వచ్చే జవాబులు పక్కపక్కన పెడితే మీ వార్డు నుంచి ఎంత పోయింది, ఎంత తిరిగొచ్చింది అన్నది కాగితం మీద కనిపిస్తుంది.

పక్క రాష్ట్రంలో ఏం జరిగిందో కూడా గమనించాలి. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ పద్ధతి వదిలేసి, ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతికి మారింది. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం. ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి పెంపు 15 శాతం దాటొద్దని పరిమితి పెట్టింది. అంటే భూమి రేటు పెరిగితే పన్నూ పెరిగే దారి అది. పట్టణాల సొంత ఆదాయం పెంచాలన్న ఒత్తిడి అన్ని రాష్ట్రాల మీదా ఉంది.

పన్ను పెరగొచ్చు. పెరిగే రోజు వస్తే జనం దగ్గర రెండు జవాబులే ఉంటాయి. కట్టబోమని గొడవ చేయడం ఒకటి. "పోయిన పైసల లెక్క ముందు చూపించు" అని కాగితం తీసి అడగడం ఇంకోటి. రెండోది చేయాలంటే లెక్కలు అడగడం ఇప్పటి నుంచే అలవాటు కావాలి. బీరువాలో మడతపెట్టి పెట్టిన ఆ రసీదుతోనే మొదలు పెట్టొచ్చు.